ఖాళీగా ఉంచవలసిన పాకెట్లు

సికింద్రాబాదులో ఫలక్‌నుమా ఎక్కి హౌరాలో దిగి, అక్కడ మెయిన్ లైన్ లోకల్ రైలు పట్టుకుంటే మొదట వచ్చే స్టేషను లిలువా. రైలు పెట్టెలను, వ్యాగన్లను బాగుచేసే రైల్వే వర్క్‌షాపు 1900 నుండి ఇక్కడనే ఉన్నది. హౌరా ఫౌండ్రీలలో పోతపోసిన ఇనుప భాగాలకు తుదిరూపం ఇచ్చే యంత్రశాలలు కూడా ఈ చుట్టుపట్ల కలవు. పోత పెద్దదైతే దానిని చదును చేసే కట్టరు కూడా పెద్దదే కావాలని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ పెద్ద కట్టర్ల సంగతినే ఈ నెల మన శీర్షికలో ముచ్చటించుకుందాము.

ఇంటిలో ఈ పుట చదివేవారి కోసం ముందుగా రెండు మాటలు. సి.ఎన్.సి. మెషినింగ్ సెంటర్‌లో ఇరవై, ముప్ఫై పనిముట్లు ఒక గొలుసుపైననో, చక్రంపైననో అమర్చిన పాకెట్లలో వరుసగా నిలిచి ఉంటాయి. ప్రోగ్రాములో ‘ఎం06’ అనే ఆజ్ఞ రాగానే రెండు కొసలా పట్టు గల ఒక చేయి వచ్చి, కొత్తదానిని పాకెట్ నుండి, పాతదానిని స్పిండిల్ నుండి ఒకేసారి లాగి, 180 డిగ్రీలు తిరిగి రెంటినీ తారుమారు చేస్తుంది. కొద్ది సెకన్ల పని. చూడముచ్చటైన పని కూడా.

అయితే యంత్రానికి తెలిసినది పనిముట్టు నంబరు మాత్రమే. దాని నడుము ఎంత లావో మనము చెబితే తప్ప దానికి తెలియదు. 40 నంబరు టేపర్ గల అనేక యంత్రాలలో, ఇరుగుపొరుగు పాకెట్లు నిండి ఉన్నప్పుడు పనిముట్టు వ్యాసం 75-80 మి.మీ. మించరాదు. రెండు ప్రక్కలా ఖాళీ ఉంచితే 125-150 వరకు అనుమతిస్తారు. లెక్క సులభమే. పాకెట్ల నడుమ దూరం 90 మి.మీ. అనుకుందాము. 125 మి.మీ. కట్టరులో సగం 62.5, ప్రక్కన 80 మి.మీ. పనిముట్టు ఉంటే అందులో సగం 40. కలిపితే 102.5. ఉన్న చోటు 90! గ్లాసుల వరుసలో గంగాళం ఇరికించినట్లే.

కనుక పెద్ద కట్టరుకు అటొకటి, ఇటొకటి పాకెట్లు ఖాళీగా ఉంచవలెను. చిక్కంతా ఇక్కడనే. నెలాఖరున ఉద్యోగి జేబు ఖాళీగా ఉంటే ఎందుకో అందరికీ తెలుసు. ఈ పాకెట్ ఎందుకు ఖాళీగా ఉన్నదో చూచినవారికి తెలియదు. లిలువాలో ఒక యంత్రశాలలో మేము చూచిన సంగతి ఇది. ఉదయం షిఫ్టువారు పద్ధతి ప్రకారం చోటు విడిచి వెళ్లారు. రెండవ షిఫ్టు ఆపరేటరు అదనంగా ఒక డ్రిల్లు అవసరమై, కనబడిన ఖాళీలో పెట్టాడు. అతడు తప్పుచేశాడని మేము అనము. అతడికి ఎవరూ చెప్పలేదు. గొలుసు తిరిగినప్పుడు రెండూ ఒరుసుకుని, డ్రిల్లు హోల్డరు ఊడి మంచంపై పడింది. ఆ సమయంలో లోపల ఎవరి చేయీ లేదు. అది అదృష్టమే కాని ఏర్పాటు కాదు. ఆ తరువాత వారు ఆ పాకెట్లకు ఎర్ర మూతలు బిగించి, కంట్రోలులోని టూల్ పట్టికలో వాటిని ‘నిషిద్ధం’గా నమోదు చేశారు. మూతకు అయ్యే ఖర్చు ఒక టీ ఖర్చు.

మూత ఒక్కటే చాలదు. చాలా యంత్రాలలో తీసిన పనిముట్టు తన పాత చోటికి తిరిగి పోదు. కొత్తది ఏ పాకెట్ నుండి వచ్చిందో అందులోకే పోతుంది. పన్నెండవ పాకెట్‌లోని పెద్ద కట్టరు పని ముగించుకున్న తరువాత ఏడవదానిలోని డ్రిల్లును పిలిస్తే, కట్టరు ఆరవ, ఎనిమిదవ పనిముట్ల నడుమకు చేరుతుంది. దానిని ‘పెద్దది’ అని పట్టికలో గుర్తిస్తే, ఆ వసతి గల కంట్రోలు దానిని సొంత చోటికే చేరుస్తుంది. మార్పిడికి కొంత సమయం ఎక్కువ పడుతుంది, పడనివ్వండి.

బరువు మరొక హద్దు. ఈ తరగతి యంత్రాలకు సాధారణంగా 7-8 కిలోలు. అంతకు మించినది చేయి వేగంగా తిరిగేటప్పుడు పట్టు జారవచ్చును. అటువంటిదానిని ‘ఎం00’తో ప్రోగ్రాము నిలిపి చేతితోనే ఎక్కించవలెను. బల్లపై చెక్కదిమ్మ పరచి, ఇద్దరు నిలిచి, బరువు చేతులలో ఉన్నదని నిర్ధారించుకున్న తరువాతనే విడుదల బటన్ నొక్కవలెను. పని కాగానే, తదుపరి ‘ఎం06’ రాకముందే, మరొక ‘ఎం00’ పెట్టి చేతితోనే దింపవలెను. ఈ రెండవ ‘ఎం00’నే ఎక్కువమంది మరుస్తారు. అప్పుడు చేయి దానిని తీసుకుని నేరుగా వరుసలోకి పోతుంది.

మా అభిప్రాయం అడిగితే, సగం సందర్భాలలో అంత పెద్ద కట్టరు అవసరమే లేదు. 160 మి.మీ. కట్టరుతో ఒక్క ఊపులో తీయాలనుకునే తలాన్ని 80 మి.మీ. కట్టరుతో రెండు మూడు వరుసలలో తీయవచ్చును. చిన్న స్పిండిల్ మీద భారమూ తగ్గుతుంది. పెద్ద రంధ్రాన్ని సైతం చిన్న కట్టరును వలయంగా త్రిప్పి తొలిచే మార్గం ఉన్నది. ఆ లెక్కలు వచ్చే సంచికలో.