నలభీమ టంకం

ఏడాది పొడుగునా ఇంట్లో వండి వార్చేది ఆడది. వంట బాగా కుదిరితే మాత్రం ‘నలభీమ పాకం’ అంటాం. నలుడూ మగవాడే, భీముడూ మగవాడే! పేరు రాని వంట మనది, శాలువా కప్పే వంట వాళ్ళది. ఈ న్యాయం మన ఒక్కళ్ళ సొంతమని ఎవరూ గర్వపడక్కర్లేదు. బ్రిటన్ పాతకాలపు స్టీరియో యాంప్లిఫయరు కిట్ల కథ వినండి, అచ్చం ఇదే.

ఈమధ్య ఆ కిట్ల మీద మోజు మళ్ళీ వచ్చింది. 1960, 70లలో ఇంట్లో కట్టుకున్న ఆ పెట్టెల్ని వెతికి కొంటున్నారు, బాగుచేస్తున్నారు, ‘ఆ తరం మగవాళ్ళ చేతుల్లో ఎంత పనితనం!’ అని మురుస్తున్నారు. నా పేచీ పనితనంతో కాదు. ఆ ‘మగవాళ్ళ’ అన్న మాటతోనే.

కిట్టు అంటే మరేం లేదు. ట్రాన్సిస్టర్లు, రెసిస్టర్లు, కెపాసిటర్లు, రాగిగీతల బోర్డు, స్క్రూలు, దారి చెప్పే ఓ పుస్తకం. అన్నీ కలిపి అతికితే, గ్రామఫోను సూది దగ్గర పుట్టే పీలగొంతు లౌడుస్పీకర్లని కదిలించే గొంతవుతుంది. 1969 ఏప్రిల్ ‘వైర్‌లెస్ వరల్డ్’లో లిన్స్‌లీ హుడ్ గారు ప్రకటించిన యాంప్లిఫయరుకి ఒక్కో వైపు నాలుగే ట్రాన్సిస్టర్లు. పది వాట్ల పాట కోసం ముప్ఫైకి పైగా వాట్లు మింగి కుంపటిలా కాగేది గానీ, దాని గొంతుకి ఇప్పటికీ భక్తులున్నారు. 1972లో ‘ప్రాక్టికల్ వైర్‌లెస్’ ఇరవై ఇరవై వాట్ల ‘టెక్సన్’ని ఇచ్చింది.

నేను బి.ఏ. చదివినదాన్ని. ఓమ్ సూత్రం కన్నా ఉపమాలంకారం బాగా తెలిసినదాన్ని. అయినా ఈ పనేమిటో ఇట్టే బోధపడింది. గింజంత వస్తువుని రంగు చూసి పోల్చుకోవాలి, సరైన చిల్లులో గుచ్చాలి, కాలిన కడ్డీ తాకించి టంకం కరిగించాలి. క్షణం ఎక్కువైతే ట్రాన్సిస్టరు మాడుతుంది, తక్కువైతే అతుకు పచ్చిగా ఉండిపోతుంది. ముగ్గూ, కుట్టుపనీ, తాలింపూ కలిస్తే ఇదే కదా!

ఆ సంగతి బ్రిటన్ యజమానులకి బాగా తెలుసు. అక్కడి రేడియో ఫాక్టరీలలో వరసగా కూర్చుని రోజుకి వందల అతుకులు వేసింది ఎక్కువగా ఆడవాళ్ళే. వేళ్ళు సన్నం, ఓపిక జాస్తి, కూలి తక్కువ. సమాన వేతన చట్టం 1970లో చేశారు, 1975 డిసెంబరు చివరికి గాని అమల్లోకి తేలేదు. సరిగ్గా కిట్లు జోరుగా అమ్ముడైన ఏళ్ళవి. అదే అతుకు ఫాక్టరీలో ఆడది వేస్తే ‘నైపుణ్యం లేని పని’. సాయంత్రం ఇంట్లో ఆయనగారు వేస్తే ‘ఇంజనీరింగు’!

అసలా అతుకులైనా అన్నీ ఆయన వేశారా? 1969లో వచ్చిన సింక్లెయిర్ వారి ‘ప్రాజెక్ట్ 60’లో అసలు భాగాలు ముందే కట్టి వచ్చేవి. కొన్నవాడు వాటిని వైర్లతో కలిపితే చాలు. తర్వాత అదే సరుకు ‘605’ పేరుతో టంకమే అక్కర్లేకుండా వచ్చింది. ఒకరు పప్పు ఉడికించి, మెదిపి, ఉప్పేసి పెడితే, పోపు మాత్రం తగిలించి ‘నేనే వండాను’ అనే అల్లుడుగారు గుర్తురావడం లేదూ?

రంగుల సంగతి మరీ వింత. రెసిస్టరు విలువ దాని మీది రంగు గీతల్లో ఉంటుంది. పసుపు, ఊదా, నారింజ అయితే 47,000 ఓములు. చివరి గీత ఎరుపయితే 4,700. ఎరుపుకీ నారింజకీ పొరబడితే పదిరెట్లు తేడా! ఐరోపా సంతతి మగవాళ్ళలో సుమారు 12 మందిలో ఒకరికి రంగులు సరిగా తెలియవు. ఆడవాళ్ళలో 200 మందికి ఒకరు. మరి ఈ రంగుల వరసని బట్టీపట్టడానికి కుర్రాళ్ళకి నేర్పిన వాక్యం ఏమిటి? ‘బి.బి. రాయ్ ఆఫ్ గ్రేట్ బ్రిటన్ హాడ్ ఎ వెరీ గుడ్ వైఫ్.’ మన పాలిటెక్నిక్కుల్లోనూ ఇదే వల్లించారు. నలుపు మొదలు పది రంగుల్లో ఆ ‘వైఫ్’ తెలుపు, అంకె తొమ్మిది, చిట్టచివర. మామూలు రెసిస్టర్ల మీద తెల్లగీత కనపడేదే అరుదు, పాపం.

‘మేం వద్దన్నామా? వాళ్ళకే ఆసక్తి లేదు’ అంటారు. ఆహా! కేంబ్రిడ్జిలో గణితమూ సంగీతమూ చదివిన డీలియా డెర్బీషైర్ 1959లో డెక్కా రికార్డుల కంపెనీకి వెళితే, రికార్డింగు స్టూడియోల్లో ఆడవాళ్ళని పెట్టుకోం అన్నారు. ఆవిడే 1963లో బీబీసీలో ‘డాక్టర్ హూ’ సంగీతాన్ని టేపుముక్కలు కోసి అతికి వినిపించింది. ఆవిడ 2001లో పోయింది. తెరమీద పేరు 2013లో పడింది.

ఆసక్తి ఉండాలంటే ముందు సాయంత్రం ఉండాలి కదండీ. ఆ కిట్లు చాలావరకు వంటింటి బల్ల మీదే పెరిగాయి. ఆయన తలవంచుకుని మూడో ట్రాన్సిస్టరు దగ్గరుంటారు. వెనకాల ఆవిడ చేతిలో గిన్నెతో నిలబడి ఉంటుంది, బల్ల ఎప్పుడు ఖాళీ అవుతుందా అని.