నవ్వు వెనుకనున్న ఊరు

పాత హాస్యనాటికలను మరల మరల చూచువారిలో ఒక తెగవారు కలరు. కథ వారికి కంఠస్థము. ఏ మాటకు ఏ నటుడు మొగము చిట్లించునో వారికి ముందే తెలియును. కావున వారి చూపు నటునిపై గాక అతని వెనుకనున్న గోడపై నిలుచును. ఆ వీధి ఏ ఊరిది, ఆ బండి ఏనాటిది, ఆ వంతెన నేటికిని ఉన్నదా అని వెదకుటయే వారి వేడుక. ఇది పనిలేనివారి పని యని పెద్దలు కొందరు త్రోసిపుచ్చుచుందురు. ఆ తీర్పు తొందరపాటుది. వెదకుటలో దోషము లేదు. దొరకినంతనే ఆగిపోవుటలోనే దోషమున్నది.

ఇంగ్లండున బి.బి.సి. వారు 1968 నుండి 1977 వరకు ప్రసారము చేసిన ‘డాడ్స్ ఆర్మీ’ ఇందుకు చక్కని నిదర్శనము. జిమ్మీ పెరీ, డేవిడ్ క్రాఫ్ట్ అను నిరువురు దీనిని వ్రాసిరి. 1940 మే నెలలో, జర్మనులు దండెత్తి వత్తురను భయము కమ్ముకొన్నవేళ, వయసు మీరియో, మరియొక కారణముననో సైన్యమున చేరజాలనివారు స్వచ్ఛందముగా ఏర్పడిన హోంగార్డు దళమే దీని ఇతివృత్తము. పెరీ యౌవనమున స్వయముగా ఆ దళమున పనిచేసినవాడు. చిన్న ఊరి బ్యాంకు మేనేజరు కెప్టెనై, మాంసపు దుకాణదారు లాన్స్ కార్పొరలై కవాతు చేయుట చూచి తరములు నవ్వినవి.

కథలోని ఊరు వాల్మింగ్టన్ ఆన్ సీ. అది దక్షిణ సముద్రతీరమున నున్నట్లు కల్పన. కాని బహిరంగ దృశ్యములలో పెక్కు తీసినది నార్ఫోక్ ప్రాంతపు థెట్‌ఫర్డ్ పట్టణమునందును, దాని పరిసరములందును. ఆ పట్టణమునకు సముద్రమే లేదు. అచటి ఇండ్ల గోడలలో చెకుముకి రాళ్ళు పొదిగియుండును. ఆ రాయి ఆ నేలలో విస్తారము. ఊరికి చేరువనే, గ్రైమ్స్ గ్రేవ్స్ అనుచోట, నవీన శిలాయుగపు మానవులు దానికై త్రవ్విన గనులు నేటికిని కానవచ్చును. హాస్యనాటికలోని ఒక గోడ చూపరిని నాలుగు వేల యేండ్లకు పైగా వెనుకకు గొనిపోగలదన్నమాట.

వస్తువుల సంగతియు నిట్టిదే. కార్పొరల్ జోన్స్ నడిపించు వ్యాను 1935 నాటి ఫోర్డు బండి. అది యిపుడు థెట్‌ఫర్డులోని ప్రదర్శనశాలలో నున్నది. 1969లో వచ్చిన ఒక కథలో ఆ వ్యాను పెట్రోలు బదులు గ్యాసుతో నడచును. గ్యాసు సంచి దాని కప్పుపై ఊగుచుండును. అది నవ్వించుటకు కల్పించిన వింత కాదు. 1939 సెప్టెంబరులోనే బ్రిటన్‌లో పెట్రోలుకు రేషను వచ్చినది. అట్టి సంచులు మోసిన బండ్లు నిజముగనే వీధులలో తిరిగినవి. ఆరంభమున దళమువారికి యూనిఫారము లేక చేతిపట్టీలు మాత్రమే ఉండుటయు చరిత్రయే. తుపాకులు చాలక, ఇనుపగొట్టమునకు బయొనెట్టు అతికిన ఈటెలను హోంగార్డులకై ప్రభుత్వమే చేయించినది.

ఇంతవరకు వెదకువారికి సంతోషమే. ఇక పొలములలో కవాతు చేయు దృశ్యములున్నవి. వానిలో అనేకము థెట్‌ఫర్డు చెంతనున్న స్టాన్‌ఫర్డ్ సైనిక శిక్షణ ప్రాంతమున తీసినవి. అది పుట్టుకతో బయలు కాదు. 1942లో సైన్యమునకు శిక్షణ నిచ్చుటకై టాటింగ్టన్, స్టాన్‌ఫర్డ్, వెస్ట్ టాఫ్ట్స్ మొదలగు గ్రామములను ఖాళీ చేయించిరి. యుద్ధము ముగియగానే మరలి వత్తుమని ప్రజలు నమ్మిరి. యుద్ధము ముగిసినది, ఊళ్ళు తిరిగి రాలేదు. ఆ నేల నేటికిని సైన్యము చేతిలోనే యున్నది. పాత చర్చీలు మాత్రము నిలిచి సాక్ష్యము పలుకుచున్నవి.

తమ ఊరిని శత్రువునుండి కాపాడుకొనుటకు కఱ్ఱలతోనైనను నిలిచిన ముదుసలుల కథను, ఊళ్ళనే పోగొట్టుకొన్నవారి నేలపై చిత్రించిరి. తీసినవారిని తప్పు పట్టుటకు తగిన కారణము లేదు. వారికి విశాలమైన బయలు కావలసెను, సైన్యమువారు అనుమతించిరి. కాని ఆ చోటును గుర్తించి, ఫొటో తీసికొని, ఇదే ఆ స్థలమని మురిసిపోయి వెనుదిరుగువాడు సగమే చూచినవాడు. థెట్‌ఫర్డున కెప్టెన్ మెయిన్‌వారింగ్ విగ్రహము 2010 నుండి బల్లపై కూర్చుండి అతిథులకు చోటిచ్చుచున్నది. ఎన్నడును లేని మనుష్యునికి విగ్రహము దక్కినది. ఆ పొలములలో నిజముగా బ్రతికినవారి పేళ్ళు ఎందరికి తెలియును?

ఉపాధ్యాయులు ఈ వేడుకను తరగతికి తెచ్చుట మేలు. దృశ్యమును ఆపి, విద్యార్థిని మూడు ప్రశ్న లడుగవలెను: ఇది ఎచట? ఇచటనే ఏల? కెమెరా రాకముందు ఇచట ఎవరుండిరి? మొదటిదానికి పదునైన కన్ను చాలును. రెండవదానికి భూగోళమును, చరిత్రయు కావలెను. మూడవదానికి వీనితోపాటు మనస్సును కావలెను. దానివలన నవ్వు తరిగిపోవునను భయము వలదు. నవ్వు నిలిచియే యుండును. దాని వెనుకనున్న ఊరును కానవచ్చును.