అతిథులకి పచ్చగడ్డి.. ఇంటి టీమ్‌కి ప్లాస్టిక్! సియాటిల్ సాకర్ ఫ్యాన్స్ కోపం వెనుక అసలు కథ ఇదీ

క్లబ్ వరల్డ్ కప్ అయిపోయింది. 2025 జూలై 13న జరిగిన ఫైనల్లో పీఎస్‌జీని 3-0తో ఓడించి చెల్సీ కప్పు పట్టుకెళ్లిపోయింది. కానీ అమెరికాలోని సియాటిల్‌లో సాకర్ ఫ్యాన్స్ మాత్రం ఇంకా ఒక విషయం దగ్గరే ఆగిపోయారు. అది గోల్ కాదు, రిఫరీ నిర్ణయం కాదు. కాళ్ల కింద గడ్డి!

సియాటిల్‌లోని లూమెన్ ఫీల్డ్ స్టేడియంలో మామూలు రోజుల్లో ఉండేది ఆర్టిఫిషియల్ టర్ఫ్. అంటే ప్లాస్టిక్ గడ్డి. 2025 జూన్‌లో ఫిఫా టోర్నీ వచ్చిందని దాని మీదే అసలు గడ్డి పరిచారు. ఇక్కడి సొంత టీమ్ సియాటిల్ సౌండర్స్ కూడా ఆ గడ్డి మీదే బొటఫోగో, అట్లెటికో మాడ్రిడ్, పీఎస్‌జీలతో ఆడి మూడూ ఓడిపోయింది. ఓడటం ఒక బాధ. అంతకంటే పెద్ద బాధ ఇంకొకటుంది. 2025 సెప్టెంబర్‌లో అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ మొదలయ్యేసరికి అక్కడ మళ్లీ ప్లాస్టిక్ టర్ఫే. ఫిఫా అడిగితే వచ్చిన గడ్డి, ఏళ్ల తరబడి సీజన్ టికెట్ కొంటున్న ఫ్యాన్స్ అడిగితే ఎందుకు రాదు? వాళ్ల ప్రశ్న ఇదే.

పోనీ ఆ పరిచిన గడ్డైనా బాగుందా అంటే అదీ లేదు. జూన్ 23న సౌండర్స్‌ని 2-0తో ఓడించాక కూడా పీఎస్‌జీ కోచ్ లుయిస్ ఎన్రిక్ పిచ్ మీద మండిపడ్డారు. బంతి కుందేలు పిల్లలా గెంతుతోందని, నీళ్లు కొట్టిన కాసేపటికే ఆరిపోతోందని అన్నారు. గెలిచిన కోచ్ ఫిర్యాదు చేశాడంటే దాన్ని సాకు అనలేం కదా. రియల్ మాడ్రిడ్ ఆటగాడు జూడ్ బెల్లింగ్‌హామ్ కూడా ఇదే టోర్నీలో మైదానాలు ఏమాత్రం బాలేవని, బంతి సరిగా లేవడం లేదని, మోకాళ్లకి ఇబ్బందిగా ఉందని చెప్పాడు. ఒకరేమో బంతి ఎగురుతోందంటారు, ఇంకొకరు లేవట్లేదంటారు. ఒక ఊళ్లో ఒకలా, ఇంకో ఊళ్లో మరోలా ఉండటమే ఇక్కడ అసలు సమస్య. ఫిఫా తరఫున మాట్లాడిన ఆర్సెన్ వెంగర్ కూడా సియాటిల్ పిచ్ ఓర్లాండో స్థాయిలో లేదని ఒప్పుకున్నారు. 2026 వరల్డ్ కప్ నాటికి సరిచేస్తామన్నారు.

వరల్డ్ కప్ నాటికి! మళ్లీ అదే మాట. సౌండర్స్ ఫ్యాన్స్‌కి కాలేది ఇక్కడే.

ఓటు వేసింది గడ్డికి.. వచ్చింది టర్ఫ్

ఈ కోపం 2025 జూన్‌లో పుట్టింది కాదు. 1997కి వెళ్లాలి. అప్పట్లో సియాటిల్ ఎన్‌ఎఫ్‌ఎల్ టీమ్ సీహాక్స్ ఊరు వదిలి వెళ్లిపోతుందేమో అన్న భయం ఉండేది. మైక్రోసాఫ్ట్ సహ వ్యవస్థాపకుడు పాల్ అలెన్ టీమ్‌ని కొంటానని ముందుకొచ్చారు. కానీ కొత్త స్టేడియం కట్టాలని షరతు పెట్టారు. దాదాపు 30 కోట్ల డాలర్ల ప్రజాధనం కావాలి. దానికోసం వాషింగ్టన్ రాష్ట్రం మొత్తం రెఫరెండం పెట్టారు. ఫలితం? దాదాపు 51 శాతంతో గట్టెక్కింది.

ఇంత తక్కువ తేడాతో గెలిచినప్పుడు ప్రతి ఓటూ లెక్కలోకి వస్తుంది. అందులో సాకర్ అభిమానుల ఓట్లూ ఉన్నాయి. ఇది ఎన్‌ఎఫ్‌ఎల్‌కి మాత్రమే కాదు, సాకర్‌కి కూడా స్టేడియం అని అప్పుడు ప్రచారం చేశారు. మొదట వేసుకున్న ప్లాన్‌లో సహజ గడ్డే ఉంది. కానీ కొత్త స్టేడియం కడుతున్నప్పుడు సీహాక్స్ రెండు సీజన్లు యూనివర్సిటీకి చెందిన హస్కీ స్టేడియంలో ఆడింది. అక్కడ ఉన్నది ఫీల్డ్‌టర్ఫ్ అనే కొత్త రకం ఆర్టిఫిషియల్ టర్ఫ్. వాళ్లకి అది నచ్చేసింది. దాంతో 2002లో తెరుచుకున్న కొత్త స్టేడియంలోనూ అదే వేసేశారు. పెద్ద అంతర్జాతీయ సాకర్ మ్యాచ్‌లు వస్తే మాత్రం తాత్కాలికంగా గడ్డి పరిచే పద్ధతి పెట్టుకున్నారు.

చెప్పినట్టే పరిచారు కూడా. 2013లో అమెరికా-పనామా వరల్డ్ కప్ క్వాలిఫయర్‌కి పరిచారు. 2016 కోపా అమెరికాకి పరిచారు. 2025లో క్లబ్ వరల్డ్ కప్‌కి. ప్రతిసారీ పని అయిపోగానే చుట్టేశారు. మన దగ్గర చుట్టాలొస్తే అటక మీంచి కొత్త దుప్పట్లు దించి, వాళ్లు వెళ్లగానే మళ్లీ పైన పెట్టేస్తారు చూడండి.. అలాగన్నమాట.

తాత్కాలిక గడ్డి ఎందుకు తేడా కొడుతుంది?

గడ్డి పరిచారు కదా, ఇంకేం కావాలి అనిపించొచ్చు. కానీ పొలంలో పెంచిన పచ్చికని కోసి, చాపల్లా చుట్టి తెచ్చి పరిచినప్పుడు వేళ్లు తెగిపోయి ఉంటాయి. అవి కింద మట్టిలోకి దిగి పట్టుకోవాలంటే వారాలు కావాలి. కింద ఉన్నది మట్టి కాకుండా ప్లాస్టిక్ టర్ఫ్ అయితే పట్టుకోవడానికి అక్కడ పెద్దగా ఏమీ ఉండదు. పలచని పొర కాబట్టి నీళ్లు నిలవవు, తొందరగా ఆరిపోతుంది. చాపకీ చాపకీ మధ్య అతుకులుంటాయి. వేగంగా వచ్చి ఒక్కసారిగా మలుపు తిరిగే ఆటగాడి కాలు అతుకు మీద పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

దీనికి కళ్లముందున్న ఉదాహరణ అట్లాంటా. మెర్సిడెస్ బెంజ్ స్టేడియం కూడా ఎన్‌ఎఫ్‌ఎల్ టీమ్, సాకర్ టీమ్ పంచుకునేదే. అక్కడా ఉండేది టర్ఫే. 2024 జూన్ 15న అట్లాంటా యునైటెడ్ లీగ్ మ్యాచ్ ఆడింది. జూన్ 20న అదే చోట అర్జెంటీనా-కెనడా మ్యాచ్‌తో కోపా అమెరికా మొదలైంది. మధ్యలో ఉన్న ఆ నాలుగు రోజుల్లోనే గడ్డి పరిచారు! మ్యాచ్ గెలిచాక అర్జెంటీనా గోల్‌కీపర్ ఎమిలియానో మార్టినెజ్ ఆ పిచ్‌ని ఏకిపారేశాడు. ఏడు నెలల ముందే తెలిసినా చివరి నిమిషంలో గడ్డి మార్చారని కోచ్ స్కలోనీ కూడా అసంతృప్తి చెప్పారు.

దీనికి మందు లేదా అంటే ఉంది. మిషిగాన్ స్టేట్ యూనివర్సిటీ, టెన్నెసీ యూనివర్సిటీ గడ్డి శాస్త్రవేత్తలు 2026 కోసం ఫిఫాతో కలిసి పని చేస్తున్నారు. గడ్డిని మట్టిలో కాకుండా ప్లాస్టిక్ షీట్ మీద పెంచడం వాళ్ల పద్ధతుల్లో ఒకటి. వేళ్లు కిందకి దిగే దారిలేక పక్కలకి అల్లుకుపోతాయి. ఎత్తి తెచ్చినప్పుడు తెగవు. కాబట్టి పరిచిన కొద్ది రోజులకే ఆడుకోవచ్చు. మిషిగాన్ స్టేట్‌కి ఇది కొత్త కాదు. 1994 వరల్డ్ కప్ అప్పుడు పాంటియాక్ సిల్వర్‌డోమ్‌లో, పూర్తిగా కప్పు ఉన్న స్టేడియంలో, ఆరు మూలల తొట్టెల్లో గడ్డి పెంచి మ్యాచ్‌లు ఆడించింది వాళ్లే. ముప్పై ఏళ్ల కిందటే తెలిసిన విద్య ఇది.

2026 వరల్డ్ కప్‌కి ఎంపికైన 16 స్టేడియాల్లో ఎనిమిదింట్లో 2025 నాటికి ఉన్నది ఆర్టిఫిషియల్ టర్ఫే. సియాటిల్, అట్లాంటా, డల్లాస్, హ్యూస్టన్, లాస్ ఏంజెలెస్, బోస్టన్, వాంకూవర్‌తో పాటు ఫైనల్ జరిగే న్యూజెర్సీ మెట్‌లైఫ్ కూడా ఈ జాబితాలోనే ఉంది. ఎనిమిదింటికీ గడ్డి వస్తుంది. ఫిఫా రూల్ అది, బేరం లేదు.

మరి ఇంటోళ్ల సంగతి?

స్టేడియం నడిపేవాళ్ల వాదన కూడా వినాలి. లూమెన్ ఫీల్డ్‌లో సౌండర్స్ లీగ్ మ్యాచ్‌లే ఏడాదికి 17. 2022 నుంచి మహిళల టీమ్ సియాటిల్ రెయిన్ కూడా ఇక్కడే ఆడుతోంది, 2025లో అవి 13. సీహాక్స్‌వి ఎనిమిదో తొమ్మిదో. అంటే కప్ మ్యాచ్‌లు, ప్లేఆఫ్స్ కలపకుండానే దాదాపు 40. ఆ పైన కన్సర్ట్‌లు. 2023 జూలైలో టేలర్ స్విఫ్ట్ షోకి జనం ఎగిరిన ఎగురుడికి భూకంపం కొలిచే యంత్రాలు కూడా కదిలాయి, గుర్తుందా? అది ఈ స్టేడియమే. వేదికలు, లారీలు, వేలమంది కాళ్లు.. ఇన్నింటిని గడ్డి తట్టుకోదని, పైగా సియాటిల్ చలికాలంలో ఎండ తక్కువ, వాన ఎక్కువ అని వాళ్లంటారు. సీజన్ చివర్లో ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్లు తొక్కిన గడ్డి మీద సాకర్ ఆడితే అది బురదే.

ఇందులో నిజం ఉంది. 2018 నవంబర్‌లో మెక్సికో అజ్‌టెకా స్టేడియంలో ఏం జరిగిందో చూడండి. అక్కడ ఉన్నది సహజ గడ్డి ఉన్న హైబ్రిడ్ మైదానమే. కానీ రెండు సాకర్ టీమ్‌ల మ్యాచ్‌లు, షకీరా కన్సర్ట్ కలిసి మైదానాన్ని ఎంత పాడు చేశాయంటే, వారం కూడా లేదనగా ఎన్‌ఎఫ్‌ఎల్ తన మ్యాచ్‌ని ఏకంగా లాస్ ఏంజెలెస్‌కి మార్చేసుకుంది. హైదరాబాద్ వాళ్లకి ఇది అర్థం కానిదేం కాదు. ఎల్‌బీ స్టేడియంలో ఆటలూ చూశాం, 2023 డిసెంబర్‌లో ముఖ్యమంత్రి ప్రమాణ స్వీకారమూ చూశాం.

అయినా సరే, పంచుకున్నంత మాత్రాన గడ్డి అసాధ్యం అనే వాదన నిలబడదు. అరిజోనాలోని గ్లెండేల్ స్టేడియంలో 2006 నుంచి మైదానం మొత్తం ఒక పెద్ద ట్రేలో బయటకి జరిగి ఎండలో కూర్చుంటుంది. లండన్‌లో టోటెన్‌హామ్ స్టేడియంలో సాకర్ గడ్డి మూడు ముక్కలుగా పక్కకి జరిగితే కింద ఎన్‌ఎఫ్‌ఎల్ కోసం వేరే టర్ఫ్ ఉంటుంది. అక్కడ గడ్డి ఎవరికంటే సాకర్‌కి, ప్లాస్టిక్ ఎన్‌ఎఫ్‌ఎల్‌కి! పాత స్టేడియాలని ఇలా మార్చడం తేలిక కాదు, ఖర్చు భారీగా ఉంటుంది. కానీ ఫిలడెల్ఫియా, కాన్సస్ సిటీల్లో ఇలాంటి యంత్రాలేమీ లేకుండానే ఎన్‌ఎఫ్‌ఎల్ టీమ్‌లు సహజ గడ్డి మీద ఆడుతున్నాయి. అవి చలి లేని ఊళ్లేం కాదు.

ఇంకో చిత్రం ఏంటంటే, ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్లు కూడా గడ్డే కావాలంటున్నారు. 2012-18 మధ్య గాయాల లెక్కలు చూపించి వాళ్ల సంఘం 2020లోనే ఈ డిమాండ్ పెట్టింది. ఎవరూ తగలకుండానే కాళ్లకి అయ్యే గాయాల రేటు టర్ఫ్ మీద 28 శాతం ఎక్కువని చెప్పింది. తేడా అంత లేదని లీగ్ అంటోంది. 2023 సెప్టెంబర్ 11న మెట్‌లైఫ్ టర్ఫ్ మీద స్టార్ క్వార్టర్‌బ్యాక్ ఆరన్ రోడ్జర్స్ నాలుగో ఆటకే మడమ నరం తెగి సీజన్‌కి దూరమయ్యాక ఈ గొడవ మళ్లీ రాజుకుంది. అంటే సాకర్ ఫ్యాన్స్, సాకర్ ఆటగాళ్లు, ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్లు అందరూ ఒకవైపు. డబ్బు లెక్క ఇంకోవైపు.

మహిళా ఆటగాళ్లకైతే ఇది పాత గాయం. 2015లో కెనడాలో జరిగిన మహిళల వరల్డ్ కప్ మొత్తం ఆర్టిఫిషియల్ టర్ఫ్ మీదే ఆడించారు. పురుషుల వరల్డ్ కప్‌కి అలా ఎప్పుడూ చేయలేదు. ఆబీ వాంబాక్, మార్తా లాంటి స్టార్లు 2014లో ఇది వివక్ష అని ఒంటారియో మానవ హక్కుల ట్రిబ్యునల్‌కి వెళ్లారు. 2015 జనవరిలో ఆ ఫిర్యాదు వెనక్కి తీసుకున్నారు. ఫిఫా కదల్లేదు. అదే ఏడాది డిసెంబర్‌లో హవాయిలో మైదానం బాలేదని అమెరికా మహిళల టీమ్ మ్యాచే ఆడలేదు. అందుకే ఇప్పుడు ఫిఫా గడ్డి మీద పట్టుబడుతుంటే, ఆ పట్టుదల అప్పుడేమైందని అడగకుండా ఉండలేం.

సౌండర్స్ చెడ్డ టీమేం కాదు. సగటున 30 వేల మందికి పైగా వచ్చే క్లబ్ అది. 2019లో లీగ్ ఫైనల్‌ని ఇదే టర్ఫ్ మీద 69 వేల మంది ముందు గెలిచింది. 2022లో కాంకకాఫ్ చాంపియన్స్ లీగ్ కూడా ఇక్కడే ఎత్తింది. అందుకే కొందరు ఫ్యాన్స్ "టర్ఫ్ మనకి కలిసొచ్చింది, వదిలేయండి" అని కూడా అంటుంటారు. కానీ థియరీ హెన్రీ న్యూయార్క్‌కి ఆడిన రోజుల్లో టర్ఫ్ మైదానాల్లో మ్యాచ్‌లకి దూరంగా ఉండేవాడు. స్టార్ వస్తున్నాడని టికెట్ కొన్నవాళ్లకి చివర్లో బెంచ్ మీద కూడా కనిపించకపోతే ఎలా ఉంటుంది?

రెడ్‌మండ్, బోథెల్ వైపు ఉండే తెలుగు కుటుంబాలకి కూడా ఇది దూరపు వార్త కాదు. శనివారం పిల్లల్ని సాకర్ ప్రాక్టీస్‌కి తీసుకెళ్లి, సాయంత్రం సౌండర్స్ మ్యాచ్‌కి వెళ్లేవాళ్లు చాలామందే ఉన్నారు. డల్లాస్, న్యూజెర్సీ, అట్లాంటాల్లో ఉన్నవాళ్ల స్టేడియాలూ ఆ ఎనిమిదింటి లిస్టులోనే ఉన్నాయి.

2026లో సియాటిల్‌కి దక్కినవి ఆరు వరల్డ్ కప్ మ్యాచ్‌లు. చివరిది జూలై 6న. సీహాక్స్ ప్రీ సీజన్ ఆగస్టులో. అంటే ఫిఫా ఖాళీ చేశాక, ఎన్‌ఎఫ్‌ఎల్ వచ్చేలోపు ఇంచుమించు ఒక నెల ఖాళీ దొరుకుతుంది. ఆ నెల రోజులైనా అదే గడ్డి మీద సౌండర్స్‌ని, రెయిన్‌ని ఆడిస్తారా? లేక జూలై 7 పొద్దున్నే చాపలు చుట్టే లారీలు వచ్చేస్తాయా? ఫ్యాన్స్ ముందుగా అడుగుతున్నది ఈ ఒక్క సమాధానమే.