పురుగుల్ని తినే మొక్క, మా బోరు నీళ్లు

పోయినేడు మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. వాళ్లది వనపర్తి. "మామా, ఆన్‌లైన్‌లో పురుగుల్ని తినే చెట్టు వచ్చిందంట, దోమలన్నీ పోతయంట, కొనియ్యవా?" అని. పిల్లవాడు అడిగాడు, నాక్కూడా చిన్నప్పట్నుంచి ఆ సరదా ఉంది. టెక్స్ట్‌బుక్‌లో నెపంథిస్ బొమ్మ వేసి, భాగాలు గుర్తించి, పదికి పది మార్కులు తెచ్చుకున్న బ్యాచి మాది. జన్మలో ఒక్కసారి కూడా నిజం మొక్క చూడలేదు లెండి :)

సరే అని వీనస్ ఫ్లైట్రాప్ ఆర్డర్ పెట్టాను. హైదరాబాదులో పార్సిల్ అందుకుని, దసరా సెలవులకి గద్వాల తీసుకెళ్లాను. అమ్మ దాన్ని తులసికోట పక్కన పెట్టి, తులసికి పోసినట్టే పొద్దున ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు బోరు నీళ్లు పోసింది. మూడు వారాల్లో నోళ్లన్నీ నల్లబడ్డాయి. సంక్రాంతికి వెళ్లేసరికి కుండీలో మట్టి మాత్రం మిగిలింది.

"ఏందిరా ఇది, నీళ్లు పోస్తే సచ్చే చెట్టు యాడన్న ఉంటదా?" అంది అమ్మ.

ఉంటుందమ్మా. తప్పు నీది కాదు, నాది.

ఈ మొక్కలు పురుగుల్ని ఎందుకు తింటాయో పుస్తకంలో ఉంది, మనమే మర్చిపోయాం. అవి పెరిగే నేలలో నత్రజని, భాస్వరం ఉండవు. ఆ లోటు పూడ్చుకోవడానికే పురుగులు. తిండి మాత్రం అన్ని మొక్కల్లాగే ఎండతోనే తయారు చేసుకుంటాయి. సారం లేని నేలలో, వాన నీళ్ల లాంటి నీళ్లలో బతకడానికి అలవాటు పడ్డ వేర్లు అవి. ఉప్పులు తగిలితే మాడిపోతాయి. పెంచేవాళ్లు నీళ్లలో టీడీఎస్ 50 లోపు ఉండాలంటారు. మా ఇంటి బోరు నీళ్లలో మీటరు పెట్టి చూస్తే 900 దాటింది! పాలమూరు బోరు నీళ్లు తాగి మనమే పళ్లు గారపట్టించుకుంటుంటే, ఆ అర్భకపు మొక్క ఎంత?

ఇంకో సంగతి. వీనస్ ఫ్లైట్రాప్ సొంతూరు అమెరికాలోని ఉత్తర, దక్షిణ కరోలినాలు. అడవిలో అది సహజంగా పెరిగేది అక్కడే. దానికి ఏటా మూడు నాలుగు నెలలు గట్టి చలి కావాలి, నిద్రపోవడానికి. మా గద్వాలలో చలికాలం అంటే పొద్దున్నే ఒక మఫ్లరు, అంతే. ఆ పైన ఎండాకాలం సంగతి చెప్పక్కర్లేదు.

మరి దోమల సంగతి? ప్రోగ్రాములు రాసుకునే నాకు దాని లాజిక్కు భలే నచ్చింది. నోటి లోపల సన్నటి వెంట్రుకలుంటాయి. ఒకసారి తగిలితే పట్టించుకోదు, గాలికి ఏ పుల్లో పడిందనుకుంటుంది. సుమారు 20 సెకన్లలోపు రెండోసారి తగిలితేనే మూసుకుంటుంది. అంటే టైమౌట్ పెట్టి మరీ ఫాల్స్ అలారం ఆపుకుందన్నమాట. ఒక పురుగుని అరిగించుకోవడానికి వారం పైనే పడుతుంది. ఒక్కో నోరు కొన్ని సార్లు మూసుకున్నాక పని చెయ్యదు. అందులో ఎక్కువగా పడేవి కూడా చీమలు, సాలీళ్లు. దోమల మందు అని అమ్మడం ఎంత మోసమో మీరే లెక్క వేసుకోండి.

అసలు సిగ్గుపడ్డ సంగతి ఇప్పుడు చెప్తాను. ఈ కథంతా అచ్చంపేట దగ్గర ఉండే మా చిన్నాయనకి చెప్తే, ఆయన నవ్వి కుంట వెనక ఇసుక నేలకి తీసుకెళ్లాడు. వానాకాలం వెళ్లిన కొత్త. తడి నేల మీద రూపాయి బిళ్లంత ఎర్రటి పువ్వుల్లాగా పరుచుకుని ఉన్నాయి. వంగి చూస్తే పువ్వులు కాదు, ఆకులు! ఒక్కో వెంట్రుక కొసన జిగురు బొట్టు, అందులో అతుక్కున్న చిన్న దోమ. డ్రోసెరా బర్మన్నై. "మా చిన్నప్పట్నుంచి ఉన్నయిరా, పశువులు కూడా ముట్టవు" అన్నాడాయన. నల్లమల వైపు ఈ జాతి, దాని చుట్టం డ్రోసెరా ఇండికా ఉన్నట్టు వృక్షశాస్త్రజ్ఞులు ఎప్పుడో రాసి పెట్టారు. నేను కరోలినా నుంచి తెప్పించుకుని చంపుకున్నాను.

ఒకటి పెకలించి తెద్దామని చెయ్యి పెట్టి, మళ్లీ తీసేశాను. మేఘాలయలో నెపంథిస్ ఖాసియానాకి ఏం జరిగిందో తెలుసు కదా. మన దేశపు ఏకైక నెపంథిస్ అది. ఏరుకుపోయేవాళ్లు పెరిగీ, ఉన్న చోటు తరిగీ అంతరించే జాబితాకెక్కింది. ఉత్తర కరోలినాలోనైతే అడవిలో ఫ్లైట్రాప్ దొంగతనం చేస్తే 2014 నుంచి పెద్ద నేరం, జైలుశిక్ష. మన కుంట వెనక మొక్కకి ఏ కాపలా లేదు. దానికి శత్రువు దొంగ కూడా కాదు. నేల చదును చేసే జేసీబీ, పక్క చేను నుంచి కొట్టుకొచ్చే యూరియా. సారం పెరిగితే గడ్డి పెరుగుతుంది, గడ్డి నీడలో ఇది చస్తుంది. "వచ్చే ఏడు ఈడ ప్లాట్లు కొడ్తరంట" అన్నాడు చిన్నాయన, మామూలుగా.

ఇంట్లో పెంచొద్దు అని నేననను. పెంచితేనే ప్రేమ పుడుతుంది. కాకపోతే మన వాతావరణానికి తగ్గది పెంచండి. ఈ బర్మన్నై మన వానాకాలం పంట లాంటిది, గింజ వేసి తను ఎండిపోతుంది, గింజ మళ్లీ మొలుస్తుంది. పెంచేవాళ్ల దగ్గర గింజలు తీసుకోండి, పొలంలోది పీకకండి. ప్లాస్టిక్ కుండీ, ఎరువు లేని పీటు, కడిగిన ఇసుక, పట్టి పెట్టుకున్న వాన నీళ్లు, మంచి ఎండ. పళ్లెంలో నీళ్లు పోసి అందులో కుండీ పెట్టండి. ఎరువు ఒక్క చిటికె కూడా వద్దు. దోమలకి దోమతెర కొనుక్కోండి.

అక్క కొడుకుకి ఇంకో మొక్క కొనివ్వలేదు. ఈసారి సెలవులకి అచ్చంపేట బస్సెక్కించాను. ఆ నేల మీద బోర్లా పడుకుని, చీమ అతుక్కోవడం అరగంట చూశాడు. లేచి, "మామా, మా సార్‌కి చెప్పి అందర్నీ తోల్కొస్త" అన్నాడు.

ప్లాట్లు కొట్టకముందే తోల్కొని రారా, అనుకున్నాను. జేసీబీ వాడికి ఆ ఎరుపు కనపడదు. ముప్పై మంది పిల్లలు చూసి వెళ్లిన చోటు గురించైనా ఎవరో ఒకరు అడుగుతారేమో. మీ ఊరి కుంట వెనక కూడా ఒకసారి వంగి చూడండి. ఏముందో ఎవరికి తెలుసు?