గిడుగుకి దండ, గుంటలకి దండన

కన్యాశుల్కంలో వెంకటేశం వెంట గిరీశం కృష్ణరాయపురం అగ్రహారం చేరాక వెంకటేశం తల్లి వెంకమ్మకి ఓ ముచ్చట పుడుతుంది. ఇద్దరూ ఇంగ్లీషులో మాట్లాడుకుంటుంటే చెవులారా వినాలని. గురుశిష్యులిద్దరూ బట్టీపట్టిన బడిముక్కలు, చిన్నపిల్లల పాటలు ఒకరి మీద ఒకరు విసురుకుంటారు. ఆవిడ మురిసిపోతుంది. 1892లో విజయనగరంలో తొలిసారి ఆడిన ఆ నాటకం మనదని గర్వపడతాం, ఆ ఘట్టం వచ్చినప్పుడల్లా పగలబడి నవ్వుతాం. నవ్వి, మర్నాడు బడికెళ్లి అదే పని చేస్తాం. స్కూలు యానివర్సరీలో మూడో తరగతి గుంట మైకు ముందు నిలబడి రెండు పేజీల ఇంగ్లీషు ఉపన్యాసం తడుముకోకుండా అప్పజెబుతుంటే ముందు వరసలో కూచున్న వెంకమ్మలం మనమే. స్టేజీ దిగిన ఆ గుంటని దగ్గరకి పిలిచి మీ ఇంట్లో ఎవరెవరుంటారమ్మా అని ఇంగ్లీషులో అడగండి. బిక్కమొహం వేస్తుంది.

మనమంటే వేరెవరో కాదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇంగ్లీషు చెప్పి జీతం తీసుకున్న పంతుళ్లం, ఇంగ్లీషు మీడియంలో పడేసి చేతులు దులుపుకున్న తల్లిదండ్రులం, గురజాడ, గిడుగు పేర్లు చెప్పుకుని సభలు చేసే రచయితలం. తప్పంతా ప్రభుత్వాల మీదికి తోసేయడం సులువు. ప్రాథమిక బడుల్ని ఇంగ్లీషు మీడియంలోకి మారుస్తూ 2019లో జీవో వచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. తర్వాత ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉన్న పుస్తకాలొచ్చాయి. ఏది వచ్చినా, ఏది పోయినా తరగతి గదిలో నిలబడి పాఠం చెప్పింది మనమే కదా. ఆ గదిలో జరిగేది చెబుతాను.

పంతులు ఒక వాక్యం చదువుతాడు, వెంటనే తెలుగు అర్థం చెబుతాడు. మళ్లీ వాక్యం, మళ్లీ అర్థం. పిల్లలు ప్రతి ఇంగ్లీషు మాట కిందా దాన్ని ఎలా పలకాలో పెన్సిల్‌తో తెలుగు అక్షరాల్లో రాసుకుంటారు. మన జిల్లాల్లో ఆరో తరగతి ఇంగ్లీషు పుస్తకం ఏదైనా తెరవండి, అచ్చయిన వరసకీ వరసకీ మధ్య ఆ సన్నటి తెలుగు వరస కనబడుతుంది. వాళ్లు చదివేది దాన్నే. పీరియడ్ గంట కొట్టేలోపు ఒక్క పిల్లాడి నోటా సొంత వాక్యం రాదు. రావాలని మనం అడగం. పరీక్షలు దగ్గరపడితే గైడు, క్వశ్చన్ బ్యాంకు. స్నేహితుడికి ఉత్తరం రాయమంటే ఊటీ విహారయాత్ర. వంశధారలో ఈత కొట్టినవాడూ ఊటీయే రాస్తాడు. 2018లో తిత్లీ తుపానుకి ఉద్దానంలో తాతలనాటి కొబ్బరితోట నేలకూలితే కళ్లారా చూసినవాడూ ఊటీయే రాశాడు. మనం దాన్ని ఎర్ర పెన్నుతో దిద్ది మార్కులు వేశాం.

1890లో లాఫ్కాడియో హెర్న్ అనే రచయిత జపాన్ వెళ్లి మత్సుయె అనే చిన్న పట్నంలో ఇంగ్లీషు పంతులుగా కుదిరాడు. ఆ దేశపు మనసుని అతను తెలుసుకున్న దారుల్లో శిష్యుల కాంపోజిషన్లు ఒకటి. వాళ్లు తమ ఇంటి సంగతులూ, తమ నమ్మకాలూ తప్పుల ఇంగ్లీషులోనే రాసేవారు. ఇతను వాటిని శ్రద్ధగా చదివి, కొన్నిటిని 1894లో అచ్చయిన తన పుస్తకంలోకి ఎక్కించాడు. చివరికి ఆ దేశపు పౌరుడై కొయిజుమి యకుమో అని పేరు మార్చుకున్నాడు. మన పిల్లల కాంపోజిషన్లు చదివి పరాయివాడు తెలుసుకోగలిగింది ఏదైనా ఉంటే, అది గైడు ఏ కంపెనీదో మాత్రమే.

మనకీ అలాంటి పరాయివాడొకడు వచ్చాడు. 1907 ప్రాంతంలో జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషు దొర ఉత్తర కోస్తా జిల్లాల బడుల ఇన్‌స్పెక్టరుగా ఉండేవాడు. చిన్న తరగతుల్లో పండితులు తెలుగు చెప్పే తీరు అతనికి నచ్చలేదు. జనం మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకంలో తెలుగు ఇంకొకటి ఎందుకయిందని విశాఖపట్నం మిసెస్ ఎ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్‌ని అడిగాడు. దానికి జవాబు చెప్పగలవాళ్లు ఇద్దరే అని ఆయన విజయనగరంలో ఉన్న గురజాడనీ, పర్లాకిమిడిలో ఉన్న గిడుగు రామమూర్తినీ చూపించాడు. ఆ నలుగురూ కలిశాక బడి తెలుగుని మార్చాలనే పోరు మొదలయింది. దొరని పొగడాలని కాదు ఈ మాటలు. అతను ఏలినవారి ఉద్యోగి. కానీ మన పిల్లలు పడుతున్న అవస్థ పరాయివాడు అడిగేదాకా మనలో ఎందరికి పట్టింది? చదువంటే సొంత మాటని దాచుకోవడమేనని నూరిపోసింది దొరలు కాదు, మన పండితులు. గురజాడ 1914లో వాడుక తెలుగు పక్షాన మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం రాసి, మరుసటి ఏడే కన్నుమూశాడు.

గిడుగు సంగతి చెబితే మనం ఇంకా తలదించుకోవాలి. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టిన మనిషి. సవరల భాష వచ్చినవాణ్ణి ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నాడు. కొండలెక్కి సవర పల్లెల్లో తిరిగాడు. మన్యం జ్వరానికి వాడిన క్వినైన్ వల్ల చెవుడొచ్చింది. వాళ్ల మాట వినడానికి వెళ్లి వినికిడి పోగొట్టుకున్నవాడు ఆయన. సవర పిల్లలకి సవరలోనే పాఠాలు రాశాడు, సొంత డబ్బుతో బడులు నడిపాడు. మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇస్తానంటే ఆ డబ్బుతో సవరలకి బడి పెట్టమన్నాడు. 1931లో సవర భాషకి వ్యాకరణం, 1938లో నిఘంటువు వచ్చాయి. మరి మనం? ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో సవర, కువి వంటి 8 గిరిజన భాషల్లో చిన్న తరగతుల చదువు మొదలుపెడితే, దాన్ని మన పనిగా ఎత్తుకున్న మైదానం పంతుళ్లెందరు? సీతంపేట వైపు పోస్టింగ్ పడితే బదిలీకి ఎవరి కాళ్లు పట్టుకోవాలా అని వెతికాం. పార్వతీపురంలో కాపురం పెట్టి బస్సులో పోయొచ్చాం. సవర నాలుగు ముక్కలు నేర్చుకున్నవాణ్ణి చూసి పిచ్చోడన్నాం.

ఆగస్టు 29 వస్తే మాత్రం ఆయన విగ్రహానికి దండ వేస్తాం. ఆ పూటే తరగతిలో ఓ గుంటడు లేచి, ‘సార్, మా అప్ప నిన్న వొచ్చీసింది, నాను లెక్కలు సేయనేదు’ అంటాడు. క్లాసంతా గొల్లుమంటుంది. ఆ నవ్వు మొదలయ్యేది పంతులు దగ్గర. ‘ఏటి, నాను ఏంట్రా, నేను అనలేవూ’ అంటాం. ఆ గుంటడు కూచుంటాడు. మళ్లీ ఏడాదంతా లేవడు. సొంత మాటలోనే లేచి నిలబడ్డానికి జంకినవాడు ఇంగ్లీషులో నోరు తెరవాలని కోరుకోవడం ఏం న్యాయం? సినిమాల్లో మన యాస మాట్లాడేవాడు వంటవాడో అమాయకుడో అవుతాడని రోషపడతాం. ఆ హేళనకి రిహార్సల్ జరిగింది మన క్లాసులోనే.

మన పిల్లలకి భాషలు పట్టుబడవని స్టాఫ్‌రూమ్‌లో చెప్పుకునే కబురు ఒట్టి సాకు. ఎచ్చెర్ల, సంతబొమ్మాళి తీరాల నుంచి బోట్ల మీద పనికి గుజరాత్‌లోని వెరావల్ పోయే మత్స్యకారుల పిల్లలు ఆరునెలల్లో హిందీ, గుజరాతీ పట్టేస్తారు. అక్కడ గైడు లేదు. మాట తప్పయితే సరంగు ఓ తిట్టు తిడతాడు, పని ఆగదు.

హెర్న్ ఊసెత్తానని జపాన్ ఏదో స్వర్గమని చెప్పబోవడం లేదు. వాళ్లదీ ఇంగ్లీషులో మూగ చదువే. పరీక్ష కోసం అనువాదం, తప్పొస్తుందని భయం. 1987 నుంచి ప్రభుత్వం విదేశీ యువతని వేలల్లో రప్పించి బడుల్లో పెడుతున్నా, ప్రశ్న అడిగితే క్లాసు నేల చూపులు చూస్తుందని అక్కడ పనిచేసిన విదేశీ పంతుళ్లు వాపోతూనే ఉంటారు. ఒకినావా దీవుల్లో ఇంటి భాష మాట్లాడిన పిల్లల మెడలో చెక్కపలక వేలాడదీసిన పాపం కూడా వాళ్లది. ఆ పలక మనకీ కొత్త కాదు. తెలుగు మాట్లాడారని 2009లో మైదుకూరులో పిల్లల మెడలో అట్టలు కట్టారు. కానీ ఒక్క సంగతిలో జపాన్‌వాళ్లు గట్టివాళ్లు. 1872లో మోరి అరినోరి అనే పెద్దమనిషి ఇంగ్లీషునే జాతీయభాష చేసుకుందామా అని విలియం విట్నీ అనే అమెరికన్ భాషావేత్తని అడిగితే, వద్దని ఆ అమెరికనే చెప్పాడు. వాళ్లు మాట్లాడే భాషని పుస్తకంలోకి తెచ్చుకున్నారు, వైద్యం, ఇంజనీరింగు అందులోనే చదువుకున్నారు. ఇంగ్లీషు రాని జపాన్ పిల్లాడికి చదువు మిగిలింది. మన గుంటడికి తెలుగు పేజీ పరీక్షకి పనికిరాలేదు, ఇంగ్లీషు పేజీ అర్థం కాలేదు. రెంటికీ చెడ్డ రేవడిని చేసి టెన్త్ సర్టిఫికెట్ చేతిలో పెట్టాం.

పంతుళ్లకి నాదొక్కటే మనవి. వచ్చే ఆగస్టు 29న సభ పేరు చెప్పి ఇంగ్లీషు పీరియడ్ ఎగ్గొట్టకండి. గైడ్లు మూయించండి. పైడితల్లి సిరిమాను ఎలా తిరుగుతుందో, వాళ్ల ఊరి సంబరంలో ఏటేటి జరుగుతాయో ముందు వాళ్ల మాటలో చెప్పించండి. తర్వాత అదే సంగతి వచ్చినంత ఇంగ్లీషులో చెప్పించండి. తప్పులొస్తాయి, రానివ్వండి. ఎవడూ ఎవణ్ణీ చూసి నవ్వకుండా చూసుకోండి. ముందు మీరు నవ్వకండి.