జీతము పెరిగిననాడే వైద్యము పోవలెనా?

పారిశ్రామికవాడలలో నెల మొదటి వారమున కార్మికుని చేతికందు జీతపు చీటీలో, ప్రావిడెంటు ఫండు వరుసకు దిగువగా, ఈ.ఎస్.ఐ. (ఉద్యోగుల రాజ్య బీమా) అను మాట కెదురుగా నొక చిన్న అంకె కనబడును. నెలకు 18,000 రూపాయల వేతనముగలవానికి ఆ అంకె 135; యజమాని తన వంతుగా మరి 585 చేర్చి, మొత్తము 720 రూపాయలు జమకట్టవలెను. జీతము 18,040 అయినచో లెక్కకు వచ్చునది 135 రూపాయల 30 పైసలు గనుక, పైసలను పై రూపాయికి పెంచి 136గా పట్టుకొందురు. 2019 జూలై 1 నుండి అమలులోనున్న రేట్ల ప్రకారము కార్మికుని వంతు నూటికి ముప్పాతిక రూపాయి, యజమాని వంతు మూడుంబావు. అంతకు ముందు ఈ వంతులు 1.75, 4.75 శాతములుగా నుండెడివి.

ఈ లెక్కయందలి ఘనత యంతయు అది అడుగని ప్రశ్నలలో నున్నది. నీ వయస్సెంత, నీకు మధుమేహమున్నదా, నీపై నాధారపడినవా రెందరు అని ఈ చందా ఎవ్వరిని అడుగదు. ఇరువదిరెండేండ్ల అవివాహితుడును, ఏబదియైదేండ్లు నిండి రక్తపుపోటుతో బాధపడుచు భార్యాబిడ్డలను పోషించుకొనువాడును, ఒకే వేతనముపై ఒకే మొత్తమును చెల్లించుదురు. చికిత్స మాత్రము ఎవరి కెంత అక్కరయో అంత, ఖర్చునకు గరిష్ఠ పరిమితి యనునది లేకుండ, లభించును. దినవేతనము సగటున 176 రూపాయలు మించనివానియొద్ద పైసయైన పుచ్చుకొనక, యజమాని వంతుతోనే వానికిని ఆ సదుపాయములన్నియు గల్పింతురు. శక్తికొలది యిచ్చుట, అక్కరకొలది పొందుట యను ఈ ధర్మమును, కార్మికుల ఆరోగ్య బీమాపై వెలువడిన 1944 నాటి అడార్కర్ నివేదిక పునాదిగా 1948లో చట్టముగా జేసి, 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీ నగరములలో ఆచరణకు దెచ్చినవారికి మనము ఋణపడియున్నాము.

ఇంత న్యాయమైన లెక్క ఒక్కచోట తన న్యాయమును తానే విడనాడుచున్నది. 2017 జనవరి 1 నుండి వేతన పరిమితి నెలకు 21,000 రూపాయలు. అంగవైకల్యము గలవారికి 25,000. ఆ గీత దాటినవానికి చందా ఒకచోట ఆగిపోయిన బాగుండెడిది. అట్లుగాక, మనిషియే జాబితానుండి తొలగిపోవుచున్నాడు. ఏప్రిల్ మొదలు సెప్టెంబరు వరకు నొకటి, అక్టోబరు మొదలు మార్చి వరకు మరియొకటి, ఇట్లు ఏటికి రెండు చందా కాలములు గలవు. మే నెలలో జీతము 21,500 అయినవాడు సెప్టెంబరు నెలాఖరు వరకు ఆ పూర్తి జీతముపై చందా కట్టుచు, తత్ఫలముగా మరుసటి యేడు జూన్ వరకు వైద్యమునకు అర్హుడగును. అదే పెంపు ఏప్రిల్ 1ననే వచ్చినవాడు ఆనాటి నుండియే చందాకు వెలియై, మునుపు కట్టినదాని పుణ్యమున ఆ డిసెంబరు వరకు మాత్రమే నెట్టుకొనివచ్చును. ఒకే యంత్రముచెంత ఒకే పని చేయు ఇరువురి నడుమ ఆరు మాసముల వైద్యమును నిర్ణయించునది కేవలము ఉత్తర్వుపై నున్న తేదీ! ఓవర్‌టైము సొమ్మును చందా లెక్కలో కలిపియు, పరిమితి లెక్కలో కలుపకుండ విడిచిపెట్టిన వివేకము నియమములను వ్రాసినవారికి గలదు. అదనపు గంటలు పనిచేసినందుకు సభ్యత్వము పోరాదని తలచినవారు, ఏండ్ల తరబడి నేర్చిన పనితనమునకు లభించిన పెంపు విషయమున అట్లే ఏల తలపరాదు?

వెలుపలికి వచ్చినవాని కొరకు వేచియున్నది ప్రైవేటు బీమా. అక్కడ ప్రీమియమునకు ఆదాయముతో నిమిత్తము లేదు. వయస్సు పెరిగినకొలది అది పెరుగును, పూర్వమే యున్న వ్యాధికి మూడేండ్ల వరకు నిరీక్షణ విధింపవచ్చును. ఆరోగ్యశ్రీ యున్నదిగదా యని కొందరందురు. అర్హత గలవారికి అది ఆసుపత్రి చికిత్సలలో గొప్ప ఆసరాయే. కాని జబ్బుపడి పనికి పోలేని దినములకు వేతనములో 70 శాతమును ఏటికి 91 దినముల వరకు ఈ.ఎస్.ఐ. చెల్లించునట్లు అది చెల్లింపదు.

మార్గాంతరము మన దేశపు చట్టములలోనే యున్నది. ప్రావిడెంటు ఫండులో 15,000 రూపాయల పరిమితి దాటిన సభ్యుని ఎవ్వరును వెడలగొట్టరు. చందాను ఆ 15,000పైననే లెక్కింపవచ్చును, సభ్యత్వము నిలిచియుండును. ఈ.ఎస్.ఐ.లోను అట్లే ఒకమారు చేరినవానిని కొనసాగనిచ్చి, జీతమెంత పెరిగినను చందాను 21,000పైననే లెక్కించినచో కార్మికుని వంతు 158, యజమాని వంతు 683, వెరసి 841 రూపాయలగును. ఇది యజమానులకు భారమను వాదము నాకు రుచింపదు. 20,900 జీతమునకు 680 రూపాయలు నిన్నటివరకు కట్టినవారికి అదనముగా బడునది మూడు రూపాయలు. ఐదేండ్లు సభ్యుడుగా నుండి పదవీ విరమణ చేసినవానికి, ఏటికి 120 రూపాయలు మాత్రమే పుచ్చుకొని దంపతు లిరువురికిని వైద్యము చేయుచున్న సంస్థకు, పనిలోనుండి నెలకు 841 తెచ్చువాడు బరువు గానేరడు.

డిస్పెన్సరీలలో మందుల కొరత, పెద్దాసుపత్రులలో బారులు తీరిన జనము చూచి, బయటపడుటయే మేలనుకొను కార్మికులున్న మాట నిజము. అయితే అధిక చందా కట్టువారిని, అర్జీ వ్రాసి నిలదీయగల అనుభవజ్ఞులను, ఏటేట ఏరి బయటికి పంపుచు, మిగిలినవారి ఆసుపత్రి బాగుపడవలెనని కోరుట యెట్లు పొసగును?