రెప్ప వేయకపోతే ఖాతా రాదా?

యాసిడ్ దాడిలో కళ్లు తీవ్రంగా దెబ్బతిన్న ప్రజ్ఞా ప్రసూన్ 2023లో బ్యాంకు ఖాతా తెరవడానికి వెళ్లారు. కెమెరా ముందు రెప్ప వేయమన్నారు. ఆమె వేయలేరు. ఎదురుగా ఉన్నది ప్రాణమున్న మనిషేనని నమ్మడానికి ఆ యంత్రానికి రెప్పపాటే కావాలట. ఆమె సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని 2025 ఏప్రిల్ 30న తీర్పు వచ్చింది. రెప్ప వేయలేనివారికి మరో దారి చూపాలని, కాగితాలతో కేవైసీ చేసే పద్ధతినీ ఉంచాలని కోర్టు ఆదేశించింది.

ఖాతా దగ్గర రెప్పపాటు. ఆఫీసులో అయితే ఒక బటన్.

చూపులేని నా మిత్రుడొకరు ఒక ప్రైవేటు కంపెనీలో పనిచేస్తారు. సెలవు పెట్టాలన్నా, జీతం చీటీ చూడాలన్నా కొత్త పోర్టల్‌లోకే వెళ్లాలి. ఒకరోజు ఆయన ఇయర్‌ఫోన్ ఒకటి నా చెవిలో పెట్టారు. తెర మీద ఉన్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ అంటోంది: ‘బటన్... బటన్... బటన్’. నాకు తెర మీద ఆకుపచ్చ టిక్కు, ఎర్రటి ఇంటూ గుర్తు, చెత్తబుట్ట బొమ్మ కనిపిస్తున్నాయి. ఆయనకు మాత్రం మూడూ ఒకటే మాట. వాటికి పేరు రాయడం ప్రోగ్రామర్‌కు ఒక్క లైను పని. ఆ లైను లేనందువల్ల, పాత పద్ధతిలో తన పని తాను చేసుకున్న ఉద్యోగి ఇప్పుడు పక్క సీటు వారికి పాస్‌వర్డ్ చెప్పి బతిమాలుకోవాల్సి వస్తోంది. లోపం పోర్టల్‌ది, మాట పడేది ఆయన.

ఖర్చు ఎక్కువన్న సాకు ఇక్కడ చెల్లదు. ఆస్ట్రేలియాలో ఇద్దరు చూపులేని యువకులు 2006లో మొదలుపెట్టిన ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడర్ ఉచితంగా దొరుకుతుంది. తెలుగు కూడా చదువుతుంది. అయితే చదవడానికి అక్షరాలుండాలి కదా! మన దగ్గర జీవోలు, సర్క్యులర్లు ఎన్నో స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు. కంటికి అవి అక్షరాలు, స్క్రీన్ రీడర్‌కు ఉత్త ఫొటోలు. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టినవైతే మరీ అన్యాయం. పైకి చక్కటి తెలుగే, లోపల మాత్రం ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు. వాటిని వింటే ఒక్క ముక్క అర్థం కాదు. ‘ఇంగ్లిషులో ఉంటే ఎలాగో చదువుకుంటాను, నా భాషే నాకు అందడం లేదు’ అన్నారు నా మిత్రుడు. తెలుగులో రాసుకు బతికే నాకు ఆ మాట గుచ్చుకుంది. ప్రభుత్వ ఉద్యోగాల్లో దివ్యాంగులకు 4 శాతం రిజర్వేషన్ ఉంది. ఆ ఉద్యోగ ప్రకటనే ఫొటోగా వస్తే ఆ 4 శాతం ఎవరికి తెలియాలి?

చట్టం లేక కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం సమాచార సాంకేతికత అందరికీ అందుబాటులో ఉండాలని స్పష్టంగానే చెప్పింది. దాని కింద చేసిన నిబంధనలే మెత్తబడ్డాయి. చట్టం ‘తప్పనిసరి’ అన్నచోట 15వ నిబంధన సలహాతో సరిపెట్టిందని, అది చట్టవిరుద్ధమని సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న తేల్చింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదిక తయారైంది మన హైదరాబాద్ నల్సార్ విశ్వవిద్యాలయంలోనే.

ఏ శాఖ అయినా, కంపెనీ అయినా సాఫ్ట్‌వేర్ కొన్నాక ఆఖరి బిల్లు చెల్లించే ముందు చూపులేని ఉద్యోగిని ఒక పూట దాని ముందు కూర్చోబెట్టాలి. మౌస్ ముట్టకుండా, ఎవరినీ అడగకుండా ఆయన సెలవు పెట్టుకోగలిగితేనే చెక్కు మీద సంతకం పడాలి. తెలుగు ఉత్తర్వును యూనికోడ్‌లో టైపు చేసి, స్కాన్ చేయకుండా ఆ ఫైలునే పీడీఎఫ్‌గా పెట్టాలి. టైపిస్టుకు ఇది అదనపు పని కూడా కాదు.

ఆ రోజు నా మిత్రుడి సెలవు దరఖాస్తు వెళ్లలేదు. నేను నొక్కుతానంటే వద్దన్నారు. నాలుగోసారి కూడా ‘బటన్’ అనే వినిపించాక ఇయర్‌ఫోన్ తీసి, భోజనానికి వెళ్లిన పక్క సీటు అబ్బాయి కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు.